గట్టు మీద విడిచిన బూట్లు

ఇట్లా దగ్గరికొచ్చి కూర్చో బిడ్డా. గట్టిగా చెప్పుకునే ముచ్చట కాదిది.

మక్తల్ పక్క ఊళ్లో గాలయ్య అని ఒక రైతు ఉండేవాడు. ఆయనకు నాలుగెకరాల చెల్క. కొన్ననాటి నుంచీ ఆ చేనులో ఒకటే నియమం. చెప్పులతో ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎంతటివాడైనా గట్టు మీదే విడిచి రావాలి.

తల్లి ఒంటి మీద చెప్పులతో నడుస్తామా అనేవాడు.

ఆయన పట్నం అల్లుడు ఒకసారి మెరిసే బూట్లు గట్టు మీద విడిచి లోపలికి పోయి, పల్లేరుకాయలు గుచ్చుకుని ఒంటికాలి మీద గెంతుతూ ఇల్లు చేరాడు. ఊరంతా నవ్వింది. గాలయ్య నవ్వలేదు.

మిగతా వేషానికి మాత్రం ఆయన అడ్డు చెప్పేవాడు కాదు. కోడలు నిరోష పత్తిచేనుకు పోయేటప్పుడు చీర మీద మొగుడి నిండు చేతుల అంగీ తొడుక్కునేది. తలకు తువ్వాల చుట్టుకుని, చేతులకు పాత సాక్సులు వేసుకునేది. మందు కొట్టిన ఆకు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి మరి.

పక్క చేను ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏం నిరోషా, గీ అంగీల నీ మొగడున్నడా?"

"ఉన్నడు గని పని జేస్తలేడు," అనేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, వానలు పడి కలుపు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పని అడుగుతూ ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయేమో. పేరు పర్వతాలు అన్నాడు. ఎక్కడి నుంచి అంటే బొంబాయి అన్నాడు.

మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. గాలయ్య చూపు వాటి మీదే ఆగింది.

"గట్టు మీద ఇడువు."

"కాళ్లు మంచిగ లేవు కాకా. జర ఉండనియ్యి. గీ చేన్ల తప్ప ఇంకెక్కడ తొడుగ. దినాం కడుగుత."

"గీడ ఎవల కాళ్లు మంచిగున్నయ్? మంత్రొచ్చినా గట్టు మీదనే ఇడువాలె. ఇష్టం లేకుంటే ఇంకో చేను జూస్కో."

పర్వతాలు ఆయన మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, నవ్వుతూ.

"ఇంకో చేను వద్దు," అని బూట్లు విప్పి గట్టు మీద పక్కపక్కన పెట్టాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు గాలయ్య.

పనికి మాత్రం వంక పెట్టలేకపోయాడు. అందరికంటే ముందొచ్చేవాడు, అందరూ పోయాక కూడా గట్ల వెంట తిరిగేవాడు. ఎందుకని అడిగితే ఊరికేనని అనేవాడు.

ఒకనాడు నిరోషకు సాలులో నెత్తురు చుక్కలు కనిపించాయి. వాటి వెంటే పోతే పర్వతాలు దగ్గరికి చేరింది.

"అన్నా, నీ కాల్ల తుమ్మముల్లు ఇరిగింది గద. నొస్తలేదా?"

"ఇరిగిందా?" అని ఆయన మడమ ఎత్తి చూసుకున్నాడు, ఇంకెవరి కాలో చూసినట్టు.

అప్పుడు చెప్పాడు. షుగర్‌తో కాళ్లకు స్పర్శ పోయిందట. ఉత్త కాళ్లతో అడుగు వేస్తే కాలు దక్కదని దవాఖానలో చెప్పారట.

నిరోష ఆ సాయంత్రమే మామ ముందు నిలబడి బతిమాలింది. ఒక్కడికి వదిలితే ఇంక నియమం ఏముంటుందన్నాడు గాలయ్య. ట్రాక్టరు తొక్కుతోంది కదా అంటే, టైర్లకు చెప్పులుంటాయా అన్నాడు. భయమైతే వేరే పని చూసుకొమ్మని చెప్పమన్నాడు.

ఆమె ఆ మాట చేరవేస్తే పర్వతాలు తల అడ్డంగా ఊపాడు.

"పత్తి పగిలేదాంక పోను చెల్లే."

ముల్లు దిగిన చోట నల్లబడింది. నొప్పి తెలియని మనిషి పని ఆపలేదు. పుండు వాసన వచ్చాక నిరోషే ఆటో మాట్లాడి దవాఖానకు తోలింది. అప్పటికే విషం మోకాలు దాటింది.

పత్తి పగలకముందే ఆయన పోయాడు.

చెల్లెలు రామమ్మ బొంబాయి నుంచి వచ్చింది. మట్టి అయ్యాక, అన్న పనిచేసిన చేను ఒక్కసారి చూస్తానంది. గాలయ్య వెంట నడిచాడు. దారంతా ఆయనకు గుబులే. ఈమెను చెప్పులు విడవమని ఏ మొహంతో అడగాలి? అడగొద్దనే అనుకున్నాడు. అన్నేళ్లలో ఆయన నియమం తప్పాలనుకోవడం అదే మొదలు.

ఆయన నోరు తెరిచేలోపే రామమ్మ గట్టు దగ్గర ఆగింది. చెప్పులు విడిచి, వంగి, మట్టిని కళ్లకద్దుకుంది.

"వద్దు బిడ్డా, తొడుక్కో," అన్నాడు గాలయ్య. "గీడ ఇడువాలెనని నీకెవలు చెప్పిండ్రు?"

"ఒకరు చెప్పుడేంది కాకా. గీ చేను అమ్మిననాడు నీతోని ఒట్టేయించుకున్నది మా నాయినే గద."

గాలయ్య ఆమె మొహంలో ఆనాడు చేను అమ్మిన మనిషి పోలిక వెతికాడు.

"మేం చిన్నగున్నప్పుడు బొంబాయి పోయినం. సచ్చేలోపట గీ మట్టిల ఒక్క పంట తీస్తననెటోడు మా అన్న. భూములకు రేట్లొచ్చినయ్, ఎవలమని చెప్తే చేను మీదికొచ్చిండు అనుకుంటరని చెప్పలె. వచ్చిన పొద్దు ఫోన్ల ఎంత సంబురపడ్డడో కాకా. నాయిన మాట గా పెద్దమనిషి ఇంకా తప్పలేదు చెల్లే, నన్నే బూట్లిడువుమన్నడు అని."

గాలయ్య అక్కడే, గట్టు మీద కూలబడ్డాడు.

ఇది యాది పెట్టుకో బిడ్డా. రేపు నువ్వు ఎవరికైనా చెప్పేటప్పుడు, ఎవరో కూలిమనిషి ముల్లు గుచ్చుకుని పోయాడని చెప్పకు, తండ్రి మాట కోసం ఉత్త కాళ్లతో నడిచిన కొడుకని చెప్పు.