ముప్పై తొమ్మిది శాతం

ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

గంటంపావు అయింది. తెర మీద నీలం గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మౌస్ కదల్లేదు. కీబోర్డు మీద ఏం కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొద్దుటి నుంచి ఇది రెండోసారి. మొదటిసారి ఆగినప్పుడు సురేష్‌కుమార్ స్విచ్చి తీసి మళ్ళీ వేశాడు. అది సున్నా నుంచి మొదలుపెట్టింది. మోడెమ్ పీకేశాడు, మెమరీ ముక్కని రబ్బరుతో రుద్ది పెట్టాడు, సీడీని చొక్కాకి తుడిచాడు. అయినా అదే ముప్పై తొమ్మిది.

కోవిల్‌పట్టి బస్టాండు ఎదురుగా అతనిదొక చిన్న కంప్యూటర్ సెంటర్. తొంభై ఎనిమిదిలో కొన్న సిస్టమ్. ఇప్పుడు రెండువేల నాలుగు. పాత ప్రింటర్ చచ్చింది, కొత్తది ఈ పాత సాఫ్ట్‌వేర్‌తో పనిచెయ్యనంది. అందుకే ఈ అప్‌డేట్.

పక్కన స్టూలు మీద వాసుకి, గోళ్ళు కొరుక్కుంటూ.

ఆమెకి కావల్సింది ఒక్క కాగితం. విరుదునగర్ దారిలో ఉండి, కాలిపోయిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ హాజరు లిస్టు. నెలనెలా దాన్ని ఈ సిస్టమ్‌లోనే టైపు చేసింది సురేషే. ఫ్యాక్టరీ రిజిస్టర్లన్నీ మంటల్లోనే పోయాయి.

పదకొండు మంది పోయారు. అందులో వాసుకి వాళ్ళ అమ్మ వీరమ్మాళ్ ఒకతె.

వీరమ్మాళ్ మా ఫ్యాక్టరీ మనిషే కాదు, బయటి ఆడది లోపల దూరి నిప్పు రాజేసింది అన్నాడు ఓనరు. రెండేళ్ళుగా వీధి వీధంతా అదే అంటోంది. వాసుకి బోరింగు దగ్గరికి వెళ్తే బిందెలు పక్కకి జరుగుతాయి. నిజం తెలిసినవాళ్ళు ఇంకా అదే ఓనరు దగ్గర పనిచేస్తున్నారు, నోరు విప్పరు.

రేపు పదింటికి విరుదునగర్‌లో ఆఖరి విచారణ. లిస్టులో అమ్మ పేరు చూపిస్తే చాలు.

అప్పుడొచ్చాడు ఒకాయన.

మొహం సగం తువ్వాలుతో కప్పుకున్నాడు. కనిపించే సగం కాలి, ముడుచుకుపోయి ఉంది. వాసుకితో ఒక మాట చెప్పాలన్నాడు, తమిళంలో. కాస్త ఉండండని ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఏదో పని మీద వచ్చి అక్కడ కూర్చున్న ఇంకొకరిని అడిగి, ఆ పెట్టెలో ఏముందో తెలుసుకున్నాడు. ఇంకోసారి "అమ్మా" అన్నాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

ఆ తమిళ ఊళ్ళో తెలుగు ఇళ్ళవాళ్ళకి ఇదొక అలవాటు. పక్కన తమిళాయన ఉంటే, అనకూడనివన్నీ ఇంటి భాషలో అనేసుకుంటారు.

"ఈ మొగం చూసి సిస్టమే బెదిరి నిలిచిపోయుండాది వాసుకీ," అన్నాడు సురేష్ మెల్లగా.

వాసుకి నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత, గట్టిగా, ఆపుకోలేక.

సురేష్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"ఆపొద్దు నాయనా."

తెలుగు. అచ్చం వాళ్ళింటి తెలుగు.

"ఆ ఎర్ర లైటు కొట్టుకుంటానే ఉండాది చూడు. మదురై ఆసుపత్రిలో నెలలు నెలలు ఇట్లాంటి పెట్టెల్నే చూస్తా పడుకున్నా. అది కొట్టుకునేంత సేపూ లోపల ప్రాణం ఉండాదనే."

సురేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలెత్తకుండా, టీ తాగుతారా అని గొణిగాడు. ఆయన వద్దన్నాడు. లేచి, తువ్వాలు సరిచేసుకుని, వాసుకిని ఒక్కసారి చూశాడు.

"మీ పని చూసుకోండమ్మా."

వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవాలనిపించింది వాసుకికి. ఏ మొహంతో పిలుస్తుంది? నవ్వింది కదా.

ఇంకో పావుగంట చూశారు. ఇంకో ఐదు నిమిషాలు. పెద్దాయనకి కంప్యూటర్ గురించి ఏం తెలుస్తుందని సురేష్ స్విచ్చి తీసేశాడు.

మళ్ళీ వేస్తే నల్ల తెర. మధ్యలో ఒక తెల్ల గీత. అంతే.

తెల్లారి ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వాసుకి విరుదునగర్ బస్సెక్కింది. అక్కడి మెకానిక్ బాలసుబ్రమణియన్ విప్పి చూసి పెదవి విరిచాడు. ఇది ఆగిపోలేదమ్మా, ముసలి మిషను కదా, మెల్లగా రాసుకుంటోంది, ఇంకో రెండు గంటలు వదిలేసుంటే అదే అయిపోయేది, రాస్తున్నప్పుడు గొంతు పిసికారు అన్నాడు. లోపల ఒక్క అక్షరం మిగల్లేదట.

పదింటికి అధికారి అడిగాడు. కాగితం లేకపోతే పోనీ, ఆ రోజు లోపల ఉండి బతికినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

"ఎవరూ లేరు సార్," అంది వాసుకి.

కేసు ముగిసింది. నిప్పుకి కారణం వీరమ్మాళ్ అనే బయటి మనిషి అని రాసేశారు.

ఆ తర్వాత పన్నెండో రోజు వాసుకి ఇంటికి ఒకామె వచ్చింది. నాగలాపురం నుంచట, పేరు సుబ్బులక్ష్మి. కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఆయన శుక్రవారం పోయినాడు, ఊపిరితిత్తులు ఎప్పుడో కాలిపోయినాయి అని చెప్పింది. కేసు సంగతి ఈ మధ్యనే ఆయన చెవిన పడిందట. నిలబడే ఓపిక లేకున్నా ఒక్కడే బస్సెక్కి కోవిల్‌పట్టి వచ్చాడట.

తువ్వాలు కప్పుకున్న ఆ మొహం గుర్తొచ్చింది వాసుకికి.

"మరి ఏమీ చెప్పకుండా ఎందుకు పోయినాడు?"

"నేనూ అదే అడిగినా. పిల్ల నవ్వుతా ఉండాది, వాళ్ళమ్మ పేరు మిషన్లో ఉండాదంట, ఇంక ఈ మొగం ఎందుకు చూపించేది అన్నాడు."



"ఆయన ఎవరక్కా?"



"మీ అమ్మ మండతా ఉన్న అగ్గిమందు గదిలో నుంచి ఒక మనిషిని భుజాన మోసుకొచ్చి బయట పడుకోబెట్టి, ఇంకొకర్ని తెస్తానని మళ్ళీ లోపలికి పోయిందే, ఆ మనిషమ్మా."