రింగు కింద వడియాలు

బాస్కెట్‌బాల్ రింగు కింద పాత చీర మీద ఆరబెట్టిన వడియాలను హాస్టల్ వంటమనిషి చంద్రకాంతమ్మ మూటగట్టేసింది.

"రేపు ఫైనల్ గదా సార్. పిల్లోళ్లను రింగు దాకా పోయి ఆడుకోనీ."

ఆడపిల్లలు ఐదుగురూ రింగు కిందికే ఎగబడ్డారు. మోచేతులు తగులుకున్నాయి. బంతి ఒక్కసారీ పడలేదు.

కోచ్ ఏకాంబరం విజిల్ ఊదాడు. "దూరందూరంగా నిలబడి, మూడు పాయింట్ల గీత బయట నుంచే ఏయండని ఏడాదిగా మొత్తుకుంటి గదా! గూడూరోళ్లను అట్టనే గదా ఓడించినాము?"

కెప్టెన్ మహిత నవ్వాపుకుంది. "మీరు చెప్పినారని కాదు సార్. వడియాల మీద బంతి పడితే అవ్వ తిట్టి వదిలేస్తాది. కాలు పడితే మాత్రం ఆ పూట మాకు వడియాలే పెట్టదు. అందుకే ఎవురూ దగ్గరికి పోయేవాళ్లం కాదు."

ఏకాంబరం నోట్లోని విజిల్ జారిపోయింది. "అదంతా నా ప్లానని పేపరోళ్లకు చెప్పుకున్నానే!"

"సూసినాం సార్. అవ్వకు గూడా చదివి వినిపించినాం."

చంద్రకాంతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఏకాంబరం ఆమె దగ్గరికి నడిచాడు. "ఆ చీర మళ్లీ పరచమ్మా."

"వడియాలు ఎండిపోయినాయి సార్."

"ఎండినవే ఇంకోసారి ఎండబెట్టు తల్లీ," అంటూ ఆయన చెప్పులు విప్పి, చీర రెండో కొస పట్టుకున్నాడు.