జానెడు దూరం

రొజాలీ జుట్టుపిన్నుతో చెర్రీపళ్ల గింజలు తీస్తోంది. పిన్ను గుచ్చడం, ఒక తిప్పు తిప్పడం, గింజ గిన్నెలోకి, పండు పళ్లెంలోకి. మోచేతుల దాకా ఎర్రటి రసం కారుతోంది. చెవులు మాత్రం వీధి తలుపు మీదే ఉన్నాయి.

వెనకగదిలో సుత్తి చప్పుడు. మతౌష్ ఎవరిదో బూటు మడమకు మేకులు కొడుతున్నాడు. పది నెలలుగా మొగుడి లోకం ఆ గదే. ఊళ్లో ఎవరి పాదం కొలత కావాలన్నా రొజాలీయే వెళ్లి తెస్తుంది. కుట్టిన బూట్లు తనే ఇచ్చొస్తుంది. "మీ ఆయన బయట కనబడడేమమ్మా?" అని అడిగితే "జలుబు" అంటుంది. పది నెలల జలుబు! అబద్ధమని అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేదానికీ తెలుసు. గదిలో కూర్చున్నది అతనొక్కడే. గడియ మాత్రం ఇద్దరి మీదా పడింది.

నిరుడు ఆగస్టులో, వ్యాయామశాలలో, గుర్రం దగ్గర జరిగింది అది. తోలు కప్పిన చెక్కగుర్రం. పరుగెత్తుకొచ్చి, దాని మెడ మీద అరచేతులు ఆన్చి, అవతలికి ఎగిరి దూకాలి. రెప్పపాటు పని. ఆ రెప్పపాటులో నేల మీద దబ్బుమన్న చప్పుడు మతౌష్ చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కూర్చున్నవాడు మళ్లీ గడప దాటలేదు.

రేపు ప్రాగ్‌లో దేశదేశాల జట్లకు కసరత్తు పోటీ. ఇవాళ ఎనిమిదింటికి రైలు. ఈ రైలు తప్పితే ఈ మనిషి ఇక జన్మలో బయటికి రాడని రొజాలీ భయం.

తలుపు చప్పుడైంది.

"వదినా, వీడు ఇంట్లోనే ఉన్నాడా, వేటకెళ్లాడా?"

విలెమ్. మతౌష్‌కు చిన్ననాటి నేస్తం, జట్టులో మనిషి.

సుత్తి ఆగింది. వెనకగది తలుపు ధడాలున మూసుకుంది. ఇంతకుముందు మూడుసార్లు వచ్చాడు విలెమ్. మూడుసార్లూ ఇలాగే తలుపు మూసుకుని గడియ పడింది. ఈసారి పడలేదు.

"గడియేదే?" లోపల్నుంచి అరిచాడు మతౌష్.

"నిన్న నువ్వు సూపు తాగుతుంటే ఊడబీకాను. బావిలో ఉంది, దూకి తెచ్చుకో" అంది రొజాలీ, పిన్ను తిప్పుతూనే.

విలెమ్ నవ్వుకుంటూ తలుపు తోసుకుని వెళ్లాడు. ముక్కాలిపీట లాక్కుని మెల్లగా కూర్చున్నాడు.

"సాయంత్రానికి వాన పడుతుందిరా" అన్నాడు భుజం రుద్దుకుంటూ.

మతౌష్ తలెత్తలేదు. "వాన కబుర్లు చెప్పడానికి రాలేదని తెలుసులే. నా బదులు హూగోను పెట్టుకోండి."

"పెట్టి చూశాం, నెల్లాళ్లు. వాడివి చేతులు కావు, వెన్నముద్దలు. ఒరేయ్, నువ్వు రాకపోతే నేను ఆ గుర్రాన్ని ముట్టను. నేను ముట్టకపోతే జట్టులో మిగిలేది ఐదుగురే. ఐదుగురిని పోటీకి రానివ్వరు. ఫ్రెంచివాళ్లూ బెల్జియంవాళ్లూ మన బీరు తాగి, మన పతకాలు మెళ్లో వేసుకుపోతారు. నీకిష్టమేనా?"

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలుతున్నాను. నా మొహానికి రెండూ ఒకేలా ఉంటాయి."

రొజాలీ చేతులు తుడుచుకోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదురా" అన్నాడు విలెమ్, ఈసారి నవ్వకుండా.

"పడ్డవాడి తప్పేం లేదని నాకు తెలీదా?" మతౌష్ రెండు చేతులూ ముందుకు చాచాడు. "వీటిని చూడు. జానెడు. ఒక్క జానెడు దూరంలో ఆగిపోయాయి. రేపు అంతమంది ముందు మళ్లీ అలాగే ఆగిపోతే?"

"ఆగితే ఆగుతాయి. ఎముకలు విరిగాయి, అతుక్కున్నాయి. మనిషే అతుక్కోవడం లేదు."

మతౌష్ బూటు మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. సుత్తి ఎత్తాడు గాని మేకు మీద దెబ్బ పడలేదు.

"ఏవయ్యా" అంది రొజాలీ. ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా రేపట్నించి జలుబని నేను చెప్పను. అడిగినవాళ్లకి, మా ఆయనకి భయం అని చెబుతాను. ఈ ఇంట్లో నాకు ఊపిరాడ్డం లేదు."

చర్చి గడియారం ఏడున్నర కొట్టింది.

విలెమ్ పీట మీంచి లేచాడు. "నేను స్టేషనుకి పోతున్నా. వెనక్కి తిరిగి చూడను. వస్తే అడుగుల చప్పుడు వినబడుతుంది" అని వీధిలోకి దిగాడు.

మతౌష్ సుత్తి కింద పెట్టాడు. తర్వాత నడుముకు కట్టుకున్న తోలుగుడ్డ విప్పి పీట మీద పెట్టాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా, ఇంకెవరి చేతులో కడుగుతున్నట్టు. రొజాలీ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

ఒక్కసారైనా ఆ గుర్రాన్ని దూకి ఎరగనివాడు, దూకేవాళ్లు అదుపు తప్పితే పట్టుకోవడానికి దాని పక్కన చేతులు చాచి నిలబడడమే పనిగా ఉన్నవాడు, నిరుడు ఆగస్టులో ఆ చేతులకు అందకుండా జారి నేలకు పడ్డ విలెమ్ వెంట గడప దాటాడు.