తలుపు వెనక గొంతు

“ఇవాళ్టితో మన నాటకం అయిపోతుంది కదా. తలుపు వెనక మీ అక్క గొంతు ఉందే, అది నా ఫోన్లోకి ఎక్కించి పెట్టవయ్యా. ఇంటికి పట్టుకెళ్తాను,” అన్నాడు బావగారు.

అప్పటికి సౌండువాడు స్టేజి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కంప్యూటర్ నుంచి వచ్చే వైర్లు ఏ స్పీకర్‌వి ఆ స్పీకర్‌కి తగిలిస్తున్నాడు. వర్షం హాల్లో ఉన్న పెద్ద స్పీకర్లలోకి, రైలు కూత పైన వేలాడే దాంట్లోకి, గొంతు మాత్రం తలుపు చాటున దాచిన బుల్లి స్పీకర్‌లోకి. ఒక్కటి అటూ ఇటూ అయితే నాటకంలో పెళ్ళాం గదిలోంచి రైలు కూస్తుంది. అలాంటి అప్రదిష్ట ఇన్నేళ్ళలో ఒక్కనాడూ రానివ్వలేదు. చేసిన తప్పల్లా వేరే ఉంది, అది ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

బావగారంటే సొంత బావేం కాదు, నాటకంలో హీరో. ఆయన భార్యని ట్రూపులో చిన్నా పెద్దా అందరూ అక్కా అనేవాళ్ళు, దాంతో ఈయన ఊరందరికీ బావగారై కూర్చున్నాడు. నాటకంలో అలిగిన భార్య గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంటుంది. ఈయన తలుపు బయట నిలబడి బతిమాలుతాడు. “వచ్చారా? భోంచేశారా? తలుపు మాత్రం తియ్యను,” అని లోపల్నుంచి వినబడుతుంది. మనిషి కనబడదు, గొంతే. ఆ గొంతు అక్కది, ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. వానలు మొదలైనప్పుడు అక్క పోయింది. ఒప్పుకున్న షోలు మాత్రం ఆపడానికి లేకపోయింది.

అక్క పోయాక మొదటి షో రోజునే సౌండువాడికి కొత్త కంప్యూటర్ చేతికొచ్చింది. సంబరం కొద్దీ పాతదాంట్లోవన్నీ దీంట్లోకి ఎక్కించి, పాతదాన్ని పూర్తిగా తుడిచేసి చెల్లెలి పిల్లలకి ఆడుకోమని ఇచ్చేశాడు. ఆ తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. వర్షం ఉంది, రైలు ఉంది, అక్క లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాపీ మరెక్కడా లేదు. ముందు సరిచూసుకుని తర్వాత తుడవాలని పసిపిల్లాడికి కూడా తెలుసే అని తనని తనే తిట్టుకున్నాడు.

భార్య పోయిన దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికెళ్ళి, ఆవిడ గొంతు కూడా నేనే పోగొట్టానని ఏ నోటితో చెప్తాడు? చెల్లెల్ని పిలిచాడు. ట్రూపులో బట్టలు చూసుకునే ఆ పిల్ల ఎవరి గొంతైనా ఇట్టే దించేస్తుంది. ఇది పాపం అన్నయ్యా అని నసిగింది. ఈ ఒక్క పూటకేనమ్మా అని బతిమాలి, ఆ మూడు మాటలూ చెప్పించి, గొంతు కాస్త బరువు చేసి పెట్టాడు. చెక్క తలుపు వెనక నుంచి వచ్చేదాన్ని ఎవరు పోల్చుకుంటారు? ఎవరూ పోల్చుకోలేదు. ఆ సాయంత్రం బావగారు తలుపుకి చెయ్యి ఆనించి, డైలాగు మర్చిపోయి, వెక్కివెక్కి ఏడ్చాడు. హాలంతా ఆయనతో పాటే ఏడ్చింది. ఆ ఒక్క పూట కాస్తా నాటకం ఉన్నంతకాలమూ సాగింది. బటన్ నొక్కిన ప్రతిసారీ సౌండువాడు తలకాయ పక్కకి తిప్పుకునేవాడు, ఆ రోజు ఇంటికెళ్తే అన్నం సహించేది కాదు.

ఇప్పుడు బావగారు ఫోన్ చాపుకుని నిలబడ్డాడు. ఇంటి నిండా మీ అక్క ఫొటోలున్నాయి గానీ పలికేది ఒక్కటీ లేదయ్యా అంటున్నాడు.

ఎక్కించడం ఎంతసేపు? నిమిషం పని. ఆయన సంతోషంగా వెళ్ళిపోతాడు, తనూ బయటపడతాడు. కానీ ఈయన బతికినన్నాళ్ళూ ఒంటరిగా ఇంట్లో కూర్చుని పరాయి ఆడపిల్ల గొంతు వింటూ భార్యని తలుచుకుంటాడు. స్టేజి మీద చేసిన మోసం స్టేజితో పోతుంది, దీన్ని ఇంట్లోకి కూడా పంపించడానికి సౌండువాడికి మనసొప్పలేదు. చేతిలో వైరు కింద పెట్టి, తలెత్తకుండా మొత్తం చెప్పేశాడు. కంప్యూటర్ మార్చిందీ, తుడిచేసిందీ, చెల్లెలి చేత పలికించిందీ, ఏదీ దాచలేదు.

“కొట్టండి బావగారూ, పడతాను,” అన్నాడు చివరికి. “అక్క గొంతు నా చేతులారా పోగొట్టాను.”

బావగారు పక్కనున్న పెట్టె మీద మెల్లగా కూర్చున్నాడు.

“నువ్వు పోగొట్టలేదయ్యా,” అన్నాడు. “నువ్వు కంప్యూటర్ మార్చే ముందురోజే నేను తీసేశాను. రిహార్సల్‌కి నన్నే నొక్కుకోమని నేర్పావు కదా. ఆ గొంతు వింటూ నటించడం నా వల్ల కాదనిపించింది. తలుపు వెనక నుంచి ఏమీ వినబడకపోయినా సీను ఎలాగోలా లాక్కొద్దామనుకున్నాను.”

సౌండువాడి గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఇన్నాళ్ళూ తిండి మానుకుని కుమిలింది చెయ్యని తప్పుకన్నమాట. కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వు కూడా వచ్చింది. మరి ఆ సాయంత్రం తలుపు వెనక గొంతు పలికితే ఇదెక్కడిదని నన్ను అడగలేదేం బావగారూ అన్నాడు.

బావగారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“నా చేత్తో తీసేసిన గొంతు మళ్ళీ పలికితే, నాకోసం మీ అక్కే వచ్చిందనుకున్నానయ్యా.”