పదిహేడో సీసా

"ముందు ఆ నీళ్లు పారబోసెయ్యండమ్మా," అంది టీచరు, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

ఇంటావిడ తలెత్తి చూసింది. చిరిగిన గోనెసంచుల గుట్ట మధ్య కూర్చుని దబ్బనంతో కుట్లు వేస్తోందామె. పక్కన స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి.

"మా నీళ్లకేమొచ్చింది?"

టీచరు చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. పరుగులాంటి నడకతో వచ్చిందేమో, ఇంకా రొప్పుతోంది.

టీచరు నడిపే కేంద్రాన్ని ఆ చుట్టుపక్కల అందరూ చెట్ల బడి అంటారు. సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి మొక్కలు పెంచడం, చెత్తని ఎరువు చెయ్యడం, నీళ్లు పొదుపుగా వాడుకోవడం ఉచితంగా నేర్పుతారక్కడ. పోయిన నెల పాఠంలో భాగంగా, ఇంట్లో తాగే నీళ్లు తలా ఒక సీసా తెమ్మని పిల్లలకి చెప్పింది టీచరు. ఇరవై నాలుగు సీసాలొచ్చాయి. అన్నింటికీ నంబర్లు వేసి పరీక్షకి పంపింది. ఫలితాలు ఆ పొద్దుటే వచ్చాయి.

"ఇరవై మూడు బాగున్నాయి. పదిహేడో నంబరు మీ పాప తెచ్చింది. అందులో సీసం ఉంది. అదీ ఇంతా అంతా కాదు."

"సీసమంటే?"

"విషమే అనుకోండి. రంగుండదు, రుచుండదు. కాచినా పోదు."

ఇంటావిడ దబ్బనంలోకి మళ్లీ పురికొస ఎక్కించింది. "పదకొండేళ్లుగా ఆ బావి నీళ్లే తాగుతున్నాను. గుండ్రాయిలా ఉన్నాను, చూడండి."

"పెద్దవాళ్లు కొన్నాళ్లు తట్టుకుంటారు. మీ వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డుంది కదా, ఆ మురుగంతా నేలలోకి ఇంకి మీ బావిలో చేరుంటుంది."

"చూడండి టీచరుగారూ, మీ మాట మీద ప్లాస్టిక్ సంచులు మానేశాను. తొక్కలూ కాయితాలూ విడివిడిగా వేస్తున్నాను. ఇప్పుడు నీళ్లు మానమంటున్నారు. రేపొచ్చి గాలి పీల్చడం కూడా మానమంటారు."

టీచరు నవ్వలేదు. ఎలాగైనా నమ్మించాలన్న తొందరలో ఉంది. "వేళాకోళం కాదమ్మా. పిల్లలకి ఇది మహా ప్రమాదం. ముందు ఆకలి చచ్చిపోతుంది. మొహం పాలిపోతుంది. తర్వాత మెలిపెట్టినట్టు కడుపునొప్పి. ముదిరితే ఫిట్స్..."

అంటూనే నాలుక కరుచుకుంది. కానీ అనకూడనిదంతా అప్పటికే అనేసింది.

ఆ ఇంటి చిన్నవాడు పోయి నాలుగు నెలలైంది. ఏడేళ్లవాడు. అక్క చెయ్యి పట్టుకుని రోజూ చెట్ల బడికి వచ్చేవాడు. ఒకచోట కూర్చోడని అందరూ వాణ్ణి ఉడత అనేవారు. ఆఖరి పది రోజులూ ఆసుపత్రిలో ఉన్నాడు. జబ్బేమిటో అక్కడ ఎవరూ తేల్చలేకపోయారు.

ఇంటావిడ చేతిలో దబ్బనం ఆగిపోయింది.

"కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడు," అంది. "హోంవర్కు తప్పించుకోడానికి నాటకాలాడుతున్నాడనుకున్నాను. ఒకరోజు వీపు మీద ఒకటి వేశాను కూడా."

"మీకెలా తెలుస్తుందమ్మా..."

"వేడి చేసిందన్నారెవరో. నీళ్లు బాగా పట్టించమన్నారు. వద్దమ్మా, వాంతొస్తోందమ్మా అంటే, ముక్కు మూసి మరీ పోశాను. గ్లాసు మీద గ్లాసు."

"తెలియక చేశారు."

"తెలియక పోసినా, పోసింది ఈ చెయ్యేగా."

లేచింది. ఒళ్లోని గోనెసంచి జారి కాళ్లకి అడ్డం పడితే తన్నేసి పెరట్లోకి నడిచింది. టీచరు వెనకే వెళ్లింది. ఇంటావిడ బావి దగ్గరి బకెట్ నుంచి తాడు విప్పి గోడవతలికి విసిరేసింది. గోడకి ఆనించిన పాత తలుపుచెక్కని ఈడ్చుకొచ్చి బావి మీద అడ్డంగా పడేసింది. దాని మీద ఒక రాయి పెట్టింది. ఇంకొకటి పెట్టింది. మూడోది ఎత్తలేక అక్కడే కూలబడిపోయింది.

"ఏదో మాయరోగం తెచ్చి పెట్టాడని ఇన్నాళ్లూ దేవుణ్ణి తిట్టాను," అంది. "నా బిడ్డని నేనే..." కుడిచేతిని బావి గట్టుకేసి కొట్టుకోసాగింది. టీచరు పట్టుకోబోతే విదిలించుకుంది.

ఇంటి పక్కన టమాటా పాదులకి గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తున్న కూతురు చప్పుడు విని పరిగెత్తుకొచ్చింది. పదేళ్ల పిల్ల. తల్లి మెటికల దగ్గర తోలు లేచి రక్తం కారుతోంది.

"అమ్మకేమైంది టీచర్?"

టీచరు ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పింది. మీ బావి నీళ్లు మంచివి కావమ్మా, తమ్ముడికి ఒంట్లో బాగోలేకపోవడానికి అవే కారణమై ఉండొచ్చు. అమ్మ అందుకే ఏడుస్తోంది. నువ్వు ఆ సీసా తెచ్చావు కాబట్టి ఇప్పటికైనా తెలిసింది. నిన్నయినా కాపాడుకుంటాం.

పిల్ల గౌను అంచు నలుపుతూ తల్లి చేతి వంకే చూస్తూ నిలబడింది.

"టీచర్, తిట్టనంటే ఒకటి చెప్తాను."

"తిట్టనమ్మా. చెప్పు."

"అవి మా బావి నీళ్లు కాదు. దారిలో మూత ఊడిపోయి మొత్తం ఒలికిపోయాయి. ఖాళీ సీసా తెస్తే మీరు కోప్పడతారని, మన చెట్ల బడిలో అందరం తాగే పాత కుళాయి దగ్గర పట్టేశాను."