కోత పండుగ నాడు వచ్చినాయన

“ఫిలిప్ అంటే ఎవరన్నా?”

అలియాబాద్ చర్చి గేటు కాడ నిలబడి అడిగాడు ఆ మనిషి. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, చేతిలో బరువైన సంచి.

ఆ రోజు కోత పండుగ. లోపల కానుకలుగా వచ్చిన సొరకాయలు, కోళ్లు, మక్క కంకులు వేలం పాడుతున్నారు. వెనక పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది.

“నేనే. ఏంది పని?”

“గా బర్రె అప్పు సంగతి జర మాట్లాడుదామని...”

అంతే. ఫిలిప్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

రోడ్డు వెడల్పులో అతని వెల్డింగ్ షాపు పోయింది. వెనక జాగాలో షెడ్డు వేసుకుంటేనే బతుకు. లోన్ కోసం బ్యాంకుకు పోతే, ఎప్పుడో పన్నెండేళ్ల కింద బర్రెను కొనడానికి ఫైనాన్సులో అప్పు తీసుకుని ఎగ్గొట్టావన్నారు. యేసయ్య కొడుకు ఫిలిప్ అని సాఫ్‌గా ఉందన్నారు.

పుట్టి బుద్ధెరిగాక ఫిలిప్ బర్రె పలుపు పట్టింది లేదు.

ఫైనాన్సు వాళ్లను అడిగితే, “అందరి అప్పుల చిట్టా రాసే క్రెడిట్ బ్యూరోను అడుగు పో” అన్నారు. బ్యూరోకు రాస్తే, “ఫైనాన్సు వాళ్లు కరెక్టే అన్నారు” అని జవాబు. మళ్లీ రాసినా అదే జవాబు. అక్షరం మారలేదు.

ఇక వసూలోళ్లు. అతనికి ఫోన్ చేసింది చాలక, భార్య ఎలీషమ్మకు, పాస్టరమ్మకు కూడా చేసి, “మీ ఫిలిప్ దొంగ” అని చెప్పడం.

ఇప్పుడు ఏకంగా చర్చికే వచ్చారు!

“పండుగ పూట గూడ ఇడువరా?” కాలర్ పట్టుకున్నాడు ఫిలిప్. “బర్రె మొకం నేను సూడలే. పాలు ఎవడో తాగె, పైసలు నేను కట్టాల్నా?”

“కట్టుమంటలేనన్నా. రేపు నాతోని ఒక్కపారి ఆఫీసుకొస్తే...”

“తీస్కపోయి సంతకం గుంజుకుంటవా?”

జనం మూగారు. వేలం పాడుతున్న గిడియోన్ తాత పాట ఆపి వచ్చాడు.

“ఎంతిస్తరు బిడ్డా నెలకు, మంది ఉసురు పోసుకునేటందుకు?”

ఆ మనిషి నోరు తెరిచాడు. చుట్టూ మూగిన ఆడవాళ్లను చూసి, మళ్లీ మూసుకున్నాడు.

ఎలీషమ్మ ఒక్కతే మెల్లగా అంది. “ఏమయ్యా, కోత పండుగ నాడు గేటు కాడికొచ్చినోళ్లను తినకుంట పంపరు. ఇంత బువ్వ పెట్టిద్దాం.”

“గీనికా? నీళ్లు గూడ పొయ్యొద్దు!”

అంటూనే నూకాడు. ఆయన తూలి, గేటు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. సంచి గోడ పక్కన పెట్టి, రోడ్డు దాటి బస్సెక్కాడు.

కాగితాలేమో అని విప్పితే, జామకాయలు.

“లంచం!” అన్నాడు గిడియోన్ తాత. అయినా వేలంలో పెట్టాడు.

రెండు నెలల తర్వాత బ్యాంకు నుంచి ఫోన్. ఫిలిప్ శామీర్‌పేటకు ఉరికాడు.

“మీ లోన్ పాసైంది,” అంది లోన్లు చూసే సృజన మేడం. “మీ మీదున్న బాకీ తీసేసిన్రు.”

“బ్యూరోకు బుద్ధొచ్చిందా మేడం?”

“వాళ్లకెక్కడిది! యేసయ్య కొడుకు ఫిలిప్ ఇంకొకాయన ఉన్నడు. ఊరు గూడ సూడకుంట ఆయన అప్పు మీకు తగిలిచ్చిన్రు. ఆయన మిగిలింది కట్టనీకి ఫైనాన్సుకు పోతే, ‘నీ మీద ఏం లేదు, సప్పుడు జేయక ఇంటికి పో’ అన్నరట.”

“మరి?”

“పోలే. బర్రెను కొన్నది నేనేనని కొట్లాడి, ఎగ్గొట్టిన పేరు గూడ తన మీదికే మార్పిచ్చుకున్నడు. దాంతోని ఈ ఏడు పెట్టుబడికి ఎవ్వరూ అప్పియ్యలే. కౌలుకు చేసే తోట ఇడిసిపెట్టి, ఊరిడిసి పోయిండట.”

ఫిలిప్ కళ్లు చెమర్చాయి. “ఎక్కడున్నా పోయి ఆయన కాళ్లు మొక్కుత మేడం. గసొంటి మనిషిని ఒక్కపారి సూడాలె.”

“సూడనే లేదా? ఇద్దరు కల్సి పోతే పని జల్దీ అయితదని, తోటల జామకాయలు పట్టుకొని మీ చర్చికే వచ్చిండట గద. మీరు పండుగ పనిల ఉండి కలువలేదట గాని, మీవోళ్లు కడుపునిండ అన్నం పెట్టి పంపిన్రని మస్తు మెచ్చుకున్నడట.”