పేరు కుట్టిన బట్టలు

"సముద్రం దగ్గర వారం రోజులేగా అక్కా," అంటూ ఎడిత్ పెట్టెలో బట్టలు సర్దుతోంది.

"వారానికి ఆరు స్వెట్టర్లెందుకే? నన్ను మంచుకొండలకు తోలేస్తున్నావా?" సొలాంజ్ నవ్వుతూ ఒకటి చేతిలోకి తీసుకుంది.

మెడ లోపలివైపు చిన్న తెల్ల పట్టీ కుట్టి ఉంది. దాని మీద ఎర్రదారంతో ఆమె పేరు. మేజోళ్ళకూ ఉంది, రాత్రి గౌనుకూ ఉంది. బట్టలకిలా పేర్లు కుట్టి పంపమనేది కాన్వెంటు హాస్టళ్ళు, వృద్ధాశ్రమాలే.

"అయితే మొన్న నాతో సంతకం పెట్టించింది ఆశ్రమం కాగితాల మీదన్నమాట."

"ఆస్తి కాగితాల మీద కూడా." ఎడిత్ తలెత్తలేదు. "కుట్టు కుదిరిందా? అమ్మ పోయిన ఏడు నా గౌన్లకు నువ్విలాగే కుట్టావు. నాకు తొమ్మిదేళ్ళు. కాన్వెంటులో వారమే అన్నావు."

"ఎన్నాళ్ళుంచాను?"

"పదకొండేళ్ళు. నాన్న ద్రాక్షతోటలన్నీ నీ పేరు మీదికి వచ్చేదాకా."

సొలాంజ్ స్వెట్టరు మడిచి తనే పెట్టెలో పెట్టింది.

"కారు కదిలేటప్పుడు కిటికీ దగ్గర నిలబడతావా?"

"నిలబడతాను. ఆ రోజు నువ్వు నిలబడలేదు."

ద్రాక్ష కోతల మొదటి రోజున కారెక్కిన సొలాంజ్ ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. మూడో ఏడు ఫిబ్రవరిలో ఆశ్రమంలోనే పోయింది.